బారసాల పళ్లెంలో ఏ పేరు రాయాలి? అసలు పేరా, ముద్దుపేరా?

బియ్యం పళ్లెం ముందు కూర్చున్నాక తేల్చుకునే విషయం కాదిది. మా తమ్ముడి కూతురి బారసాల రోజు పంతులుగారు బంగారు ఉంగరం చేతికిచ్చి "రాయండమ్మా" అనేసరికి మా ఇంట్లో ఇంకా మూడు పేర్ల మధ్య పంచాయితీ నడుస్తోంది. అమ్మకేమో మా నాన్నమ్మ పేరు నిలబడాలి. మరదలికి రెండక్షరాల పేరు కావాలి. "వదినా, రేపు ఫారాల్లో పట్టాలి, టీచర్లకి నోరు తిరగాలి, అంతే" అంటుంది. తమ్ముడు అప్పటికే పిల్లని "చిట్టీ" అని పిలవడం మొదలెట్టేశాడు. "ఇంకో పేరెందుకక్కా, సర్టిఫికెట్‌లోనూ చిట్టి అనే రాయించేద్దాం" అని వాడి వాదన. మేనత్తని కాబట్టి చెవిలో పేరు చెప్పాల్సింది నేను. రేపు ఆ పేరు బాగోలేదంటే మాట పడాల్సిందీ నేనే.

నేను హైస్కూల్ టీచర్ని. ఏటా టెన్త్ నామినల్ రోల్స్ పని, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా తయారుచేసే పని, నా నెత్తిన పడుతుంది. పదిహేనేళ్ల కింద ఎవరో పళ్లెంలో రాసిన పేరు చివరికి ఏమైందో తేలేది అక్కడే. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయాలు కాస్త గట్టిగానే ఉంటాయి, ముందే చెబుతున్నాను.

మీ ముందున్న దారులు నాలుగు. కాగితాలకి ఒక పెద్ద పేరు, దానితో ఏ సంబంధమూ లేని ముద్దుపేరు ఇంటికి. లేదంటే ముద్దుపేరునే కాగితం ఎక్కించడం. లేదంటే రెండు చోట్లా పనికొచ్చే ఒకే ఒక్క చిన్న పేరు. అదీ కాదంటే, విడదీస్తే లోపలే పిలుపు పేరు దొరికే పెద్ద పేరు. నా ఓటు నాలుగోదానికి. మిగతా మూడూ తప్పని అనను. ఏ దారిలో ఇబ్బంది ఎప్పుడొస్తుందో తెలిసి ఎంచుకుంటే చాలు.

కాగితానికొకటి, ఇంటికొకటి

మనకి బాగా అలవాటైన పద్ధతి ఇదే. పిల్లాడికి తాత పేరు పెడతారు. ఆ తాతేమో కోడలికి మామగారు. మామగారి పేరు నోటితో అనకూడదని పెరిగిన మనిషి, ఆ పేరుతో కొడుకుని ఎలా పిలుస్తుంది? పిలిచిందే అనుకుందాం, "ఒరేయ్ వెంకటరామయ్యా, ఆ అన్నం తిని చావరా" అని ఎలా తిడుతుంది, అదీ పక్క గదిలో ఆయన పేపర్ చదువుకుంటుండగా? నానీలు, చంటిలు, బుజ్జిలు, అబ్బులులు పుట్టింది అక్కడే. దేవుడి పేర్లదీ ఇదే తంతు. శ్రీనివాసుణ్ణి చెవి మెలిపెట్టలేం కాబట్టి వాసుగాణ్ణి మెలిపెడతాం.

ముద్దుపేర్లకి ఊరి వాసన కూడా ఉంటుంది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో నాని, అబ్బులు, చినబాబు, అమ్మాజీ. హైదరాబాద్ చుట్టుపక్కల ఉర్దూ గాలికి మున్నా, బబ్లూ, చోటూ. నానీలు ఎంతమందంటే, 2019లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలోనే ముగ్గురున్నారు: కొడాలి నాని, పేర్ని నాని, ఆళ్ల నాని. అసలు పేర్లు వరసగా వెంకటేశ్వరరావు, వెంకటరామయ్య, కాళీకృష్ణ శ్రీనివాస్. అప్పటి విజయవాడ ఎంపీ కేశినేని శ్రీనివాస్ కూడా జనానికి నానీయే. ఇంటిపేరు తగిలించకపోతే ఎవరి గురించి మాట్లాడుతున్నామో తెలియని పరిస్థితి. ముద్దుపేరుతో మొదటి చిక్కు ఇదే. మనింట్లో ఒక్కడికే అనుకుంటాం, వీధిలో సగం మందికి అదే పేరుంటుంది.

రెండో చిక్కు పిల్లలకి వస్తుంది. ఒక జూన్‌లో మా కాంపౌండ్‌లోనే ఉన్న ప్రైమరీలో ఒకటో తరగతి టీచర్ సెలవు పెడితే నేను వెళ్లి అటెండెన్స్ తీసుకున్నాను. "వెంకట సాయి మణికంఠ" అని మూడుసార్లు పిలిచినా ఎవరూ పలకలేదు. ఆబ్సెంట్ వేయబోతుంటే రెండో వరసలోంచి ఒక పాప లేచి, పక్కవాడి చొక్కా పట్టుకొని, "టీచర్, వీడే. వీడి పేరు నాని" అంది. వాడు పెన్సిల్ కొరుకుతూ నావైపే చూస్తున్నాడు, నేనెవరినో పిలుస్తున్నానని. ఐదేళ్లు దాటినా ఆ పేరు తనదని వాడికెవరూ చెప్పలేదు! వారంలో అలవాటైపోయింది, అది వేరే సంగతి. అదే ఏ జాతరలోనో తప్పిపోయి ఉంటే? మైకులో "నాని అనే బాబు ఇక్కడున్నాడు" అని చెబితే గోదావరి జిల్లాలో ఎంతమంది తల్లులు పరిగెత్తుకొస్తారో ఊహించుకోండి. ఈ దారిలో వెళ్లేవాళ్లు మూడేళ్లు వచ్చేసరికి అసలు పేరు, నాన్న పేరు, ఫోన్ నంబర్ పిల్లల నోట పలికించాలి. అన్నం పెట్టేటప్పుడు రోజుకోసారి అసలు పేరుతో పిలిచినా చాలు.

ఇందులో సుఖమూ ఉంది. బెంగాలీలు దీన్ని పద్ధతిగా పాటిస్తారు: బయటికి భాలో నామ్, ఇంటికి డాక్ నామ్, ఒకదాని హద్దు ఒకటి దాటదు. ఆఫీసులో ఎంత పెద్ద అధికారైనా ఇంటికొస్తే వేరే మనిషి. మా నాన్నని "చిన్నబ్బాయ్" అని పిలిచే చివరి మనిషి మా పెద్దమేనత్త. ఆవిడ పోయిన రోజు నాన్న ఏడ్చింది అక్క కోసమా, ఆ పిలుపు కోసమా అని నాకిప్పటికీ అనుమానమే.

ముద్దుపేరునే రాయించేస్తే

మా తమ్ముడి ఐడియా మరీ కొట్టిపారేయాల్సిందేం కాదు. కాకినాడలో పుట్టిన వీణ చిట్టిబాబు గారిది ఇంట్లో పిలిచిన ముద్దుపేరే, అదే ప్రపంచమంతా తెలిసిన పేరైంది. "పెద్దయ్యాక బాగోదు" అని అందరూ చెప్పే అభ్యంతరం కూడా నాకు పెద్దగా పట్టదు. తెలుగులో "గారు" అనే మాట ఉందిగా. అది తగిలిస్తే బుజ్జి గారు, చంటి గారు, నాని గారు అందరూ పెద్దమనుషులైపోతారు. ఈ వసతి ఎన్ని భాషల్లో ఉంది చెప్పండి.

అసలు ఇబ్బంది ఇంకోచోట ఉంది. ముద్దుపేరుని కాగితం మీద చూస్తే ఎవరూ నమ్మరు. "అసలు పేరేంటమ్మా?" అని అడుగుతూనే ఉంటారు. అలా అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు మెత్తబడి ఇంకో పేరు చెప్పేస్తారు. నా దగ్గర చదివిన ఒకమ్మాయికి ఆధార్‌లో "చిన్ని" అని ఉంది. చిన్నప్పుడు క్యాంపులో తీయిస్తే ఇంట్లో పిలిచే పేరే చెప్పారట. స్కూల్లో చేర్చేటప్పుడు హెడ్‌మాస్టర్ గారు "ఇదేం పేరండీ" అంటే, నాన్న అప్పటికప్పుడు "లక్ష్మీ ప్రసన్న" అన్నాడు. బర్త్ సర్టిఫికెట్‌లో చూస్తే ఉత్త "ప్రసన్న". నామినల్ రోల్ ముందర పెట్టుకొని మూడు కాగితాలు, మూడు పేర్లు. ఆ నాన్న మాత్రం "అందరూ ఒకటే కదండీ టీచర్, మా అమ్మాయే కదా" అన్నాడు. నిజమే, కానీ కంప్యూటర్‌కి ఆయన కూతురు తెలియదు. దాన్ని సరిచేయించడానికి ఆయన ఎన్ని రోజుల కూలి పోగొట్టుకున్నాడో నేను చూశాను.

ఇప్పుడు పిల్లలకిచ్చే అపార్ నంబర్ (దేశమంతా చెల్లే విద్యార్థి గుర్తింపు నంబర్) రావాలంటే స్కూలు రికార్డులో పేరు, ఆధార్‌లో పేరు కలవాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితం మొత్తానికి 2 సార్లే. టెన్త్ మెమోలో పడిన పేరు ఉద్యోగం దాకా వెంటాడుతుంది. కాబట్టి ముద్దుపేరే రాయించాలనుకుంటే రాయించండి, తర్వాత ఎవరు నవ్వినా అదే అసలు పేరని నిలబడే గుండె ఉండాలి. మా తమ్ముడికి అంత లేదు, నాకు తెలుసు.

ఒకే చిన్న పేరు

మరదలి పార్టీ. ఆద్య, ఐరా, రియా, అన్వి, విహాన్. కాగితం మీదా అదే, వంటింట్లోనూ అదే. పేర్లు కలవలేదనే బాధ ఉండదు, గళ్లలో అక్షరాలు సరిపోతాయి, స్పెల్లింగ్ తప్పు పడే అవకాశం తక్కువ. అన్నిటికంటే తలనొప్పి తక్కువున్న దారి ఇది, ఒప్పుకుంటాను.

కానీ రెండు మాటలు. చిన్న పేరు పెట్టాం కాబట్టి ముద్దుపేరు రాదనుకోవద్దు. ఆద్య "ఆదూ" అవుతుంది, విహాన్ "విహ్హూ" అవుతాడు, నాయనమ్మ ఆ రెండూ వదిలేసి "బంగారీ" అంటుంది. ఫ్యాషన్ పేర్లకి ఇంకో గుణం ఉంది, అన్నీ ఒకే ఏడాది పుడతాయి. ఒక క్లాసులో నలుగురు అలాంటివాళ్లుంటే టీచర్లు ఇంటిపేరు మొదటి అక్షరంతో పిలవడం మొదలెడతారు, "కె. ఆద్య, ఎమ్. ఆద్య" అని. ఒక్క పిలుపు కోసం తిప్పలుపడి ఏరిన పేరు చివరికి ఇనీషియల్ పాలవుతుంది.

ఇంకోటి, చిన్న పేరు పెట్టి ఇంటిపేరు రాయించడం మరిచిపోయేవాళ్లు ఉన్నారు. ఒంటి పేరు పాస్‌పోర్టుతో బయల్దేరితే ఇబ్బందులు. 2022 నవంబర్‌లో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లని విజిట్ వీసా మీద రానివ్వమంది. తర్వాత రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే పర్లేదని సడలించింది. అమెరికా వీసాలో అయితే ఆ ఒక్క పేరుని ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు గడిలో "ఎఫ్ఎన్‌యూ" అని కొడతారు, అంటే మొదటి పేరు తెలియదని. బంగారంలాంటి పేరు పెట్టుకొని ఆ దేశంలో "తెలియదు"గా తిరగడం ఎందుకు? పొట్టి పేరైనా పొడుగు పేరైనా పక్కన ఇంటిపేరు పూర్తిగా రాయించండి. పాన్ కార్డు అప్లికేషన్‌లో కూడా పొడి అక్షరాలు ఒప్పుకోరు.

పెద్ద పేరులోనే పిలుపు పేరు

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం. సభలో అంత పేరూ చదవొచ్చు. అదే మనిషి ఊరూవాడా అందరికీ "బాలు". అది ఎక్కడినుంచో తెచ్చి అతికించింది కాదు, పేరు లోపలే ఉంది. బొత్స సత్యనారాయణ గారిని ఉత్తరాంధ్రలో సత్తిబాబు అంటారు, అదీ అంతే. బాలు అని పిలిచినా, బాలసుబ్రహ్మణ్యం అని పిలిచినా ఒకే మనిషి పలుకుతాడు. ఒకటో తరగతిలో నాని పడిన ఇబ్బంది వీళ్లకి రాదు.

తెలుగు నోటికి ఈ కుదించే విద్య పుట్టుకతో వచ్చింది. మొదటి అక్షరం పట్టుకుంటుంది, రెండోదాన్ని ఒత్తి పలుకుతుంది, చివర ఒక ఉకారమో ఇకారమో తగిలిస్తుంది. సుబ్రహ్మణ్యం సుబ్బు, జగన్నాథం జగ్గు, విశ్వనాథం విస్సు, కృష్ణ కిట్టు, లక్ష్మి లచ్చి. మీరు పెట్టబోయే పేరుకి ఇదే చేసి చూడండి. మీరు చేయకపోయినా క్లాసులో పిల్లలు చేస్తారు. వచ్చిన ముక్క వినసొంపుగా ఉందా, వెక్కిరింతగా ఉందా అన్నది ముందే తెలుస్తుంది.

పిలుపు పరీక్ష కూడా ఒకటి పెట్టండి. గుమ్మంలో నిలబడి వీధి చివర ఆడుకుంటున్న పిల్లాడికి వినపడేలా అరవాలి. తెలుగు పిలుపు దీర్ఘంతో ముగుస్తుంది: రామూ, రాధా, సత్యా. రిత్విక్, యశ్వంత్, అన్విత్ లాంటి పేర్లు గొంతులోనే తెగిపోతాయి, చివర సాగదీయడానికి అచ్చు లేదు. అలాంటి పేరు పెట్టిన వారానికే ఇంట్లో "రిత్తూ" పుడుతుంది. పుడితే పుట్టనివ్వండి, కానీ అది మీకు నచ్చేదై ఉండాలి.

ఈ దారిలో ఒక గుంట ఉంది. పేరు ముందు సాయి, శ్రీ, వెంకట చేర్చేవాళ్లు చాలామంది. భక్తి మంచిదే. కానీ జనం మొదటి ముక్కతోనే పిలుస్తారు. సాయితేజ, సాయికిరణ్, సాయిప్రియ ముగ్గురూ స్టాఫ్‌రూమ్‌లో ఉత్త "సాయి". మీకు తేజ అని పిలవాలనుంటే తేజనే ముందు రాయండి.

మా ఇంట్లో తగాదా కూడా ఇక్కడే తెగింది. మా నాన్నమ్మ పేరు సత్యవతి. అందులో మరదలు అడిగిన రెండక్షరాలు ఎదురుగానే ఉన్నాయి. "సర్టిఫికెట్‌లో సత్యవతి, పిలవడానికి సత్య" అంటే ఆ అమ్మాయి ఒక నిమిషం ఆలోచించి, "పాతగా ఉంది గానీ వదినా, సత్య బాగుంది" అంది. తమాషా ఏంటంటే, ఆ పేరే పెట్టాలని పట్టుబట్టిన మా అమ్మకి మనవరాలిని అలా పిలవడానికి నోరు రావడం లేదు. నలభై ఏళ్లు అత్తగారి పేరు అనలేదు కదా. "అమ్మడూ" అని పిలుస్తోంది.

మరి నక్షత్రం అక్షరం?

పిల్ల హస్తా నక్షత్రంలో పుట్టింది. హస్తకి అక్షరాలు పూ, ష, ణ, ఠ. మొదటి పాదమైతే పూర్ణ, పూజ అని హాయిగా పెట్టుకోవచ్చు. మాది మూడో పాదం. "ణ"తో మొదలయ్యే పేరు ఎక్కడ దొరుకుతుంది? పంతులుగారే నవ్వి "న"తో సర్దుకోమన్నారు. ఆర్ద్ర మూడో పాదం వాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం, వాళ్లకి వచ్చేది "ఙ".

దీనికి పాతకాలం వాళ్లే దారి చూపించారు. నామకరణంలో ఒక్క పేరు కాదు, మాసనామం, నక్షత్రనామం, వ్యవహారనామం అని వేర్వేరుగా పెట్టే పద్ధతి ఉంది. నక్షత్రనామం చెవిలో చెప్పడానికి, పూజలకి. లోకానికి వ్యవహారనామం. కాబట్టి అక్షరం కోసం కాగితం పేరుని వంకరలు తిప్పక్కర్లేదు. మేము "న"తో ఒక పేరు చెవిలో చెప్పి, పళ్లెంలో సత్యవతి అని రాశాం. న్యూమరాలజీ కోసం ఇంగ్లీషులో ఒక "ఏ" ఎక్కువ, ఒక "హెచ్" తక్కువ చేసేవాళ్ల గురించి నేనేం మాట్లాడను, ఆ అక్షరం తర్వాత ఎన్ని ఆఫీసుల్లో మరిచిపోతారో చూశాను కాబట్టి.

ఎంత టైముంది?

చాలామంది ఆస్పత్రిలో డిశ్చార్జ్ రోజు కౌంటర్ దగ్గర టెన్షన్‌లో ఏదో ఒక పేరు చెప్పేస్తారు. అవసరం లేదు. పుట్టుకని 21 రోజుల్లో నమోదు చేయించాలి, పేరు గడి ఖాళీగా వదిలేసినా నమోదు జరుగుతుంది. పేరుని 12 నెలల లోపు ఫీజు లేకుండా చేర్పించవచ్చు. అది దాటితే ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు అవకాశం ఉంది. మన బారసాల కూడా చాలా ఇళ్లల్లో 21వ రోజే, చట్టం చేసినవాళ్లు మనవాళ్లని అడిగారో ఏమో.

ఆలోచించడానికి టైముందంటే తేలిగ్గా తీసుకోమని కాదు. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకి స్కూలు అడ్మిషన్, ఆధార్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్స్, ఓటు, అన్నిటికీ పుట్టిన తేదీ, ఊరు చూపించే కాగితం బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. ఇంతకుముందులా టెన్త్‌లో సర్దుకుందాం అంటే కుదరదు. ఆధార్ కూడా సర్టిఫికెట్‌లో పేరు పడ్డాకే తీయించండి. "బేబీ ఆఫ్ ఫలానా" అని తీయించేస్తే మీ 2 అవకాశాల్లో ఒకటి పోయినట్టే.

అమెరికాలో కాన్పు అయితే లెక్క వేరు. అక్కడ బిడ్డతో ఆస్పత్రి నుంచి బయటికి వచ్చేలోపే బర్త్ సర్టిఫికెట్ ఫారం నింపిస్తారు, సోషల్ సెక్యూరిటీ నంబర్‌కీ ఆ ఫారంలోనే టిక్ పెడతారు. ఇక్కడ ముహూర్తం చూసి, ఇంటి పెద్దలు వాట్సాప్‌లో ఓట్లేసేదాకా ఆగరు. అందుకే అక్కడివాళ్లు పేరు ముందే తేల్చుకొని, నక్షత్రం పేరు తర్వాత పూజకి ఉంచుకోవడం మంచిది. మిడిల్ నేమ్ గడి మనకి దొరికిన వరం, అమ్మమ్మ పేరో నాయనమ్మ పేరో అందులో పెట్టొచ్చు. కానీ ఫస్ట్ నేమ్ గడిలో మాత్రం మీరు పిలవాలనుకున్న పేరే రాయండి. అక్కడ వెంకట అని మొదలుపెట్టినవాళ్లంతా ఆఫీసులో "వెంకట"లే. ఆ పిలుపు ఇంట్లో ఎవరూ పిలవనిది, పలకడానికి వాళ్లకే నాలుగు రోజులు పడుతుంది.

ఇక చేయాల్సిన పని ఒకటే. పేరు తేలాక, ఇంటిపేరుతో సహా ఇంగ్లీషులో ఒక తెల్లకాగితం మీద పెద్దక్షరాలతో రాయండి. "లక్ష్మి"లో కే ఎస్ హెచ్ రాస్తారా, ఎక్స్ రాస్తారా; "శ్రీ"కి ఒక ఐ వేస్తారా, రెండు ఈలు వేస్తారా, అక్కడే తేల్చేయండి. దాన్ని ఫోటో తీసి భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. మీసేవలో అయినా, సచివాలయంలో అయినా, స్కూల్లో అయినా నోటితో చెప్పకుండా ఆ ఫోటో చూపించండి. ప్రింట్ తీసేముందు స్క్రీన్ మీ వైపు తిప్పమని అడిగి అక్షరం అక్షరం సరిచూసుకోండి. వెనకాల లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.